విజయనగరం, శ్రీముఖలింగం పర్యాటకం

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలోని విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో రెండు పూర్వ రాజధానులు ఉన్నాయి. మొదటిది పూసపాటి వంశీయుల సంస్థాన రాజధాని అయిన విజయనగరం పట్టణం. రెండవది తూర్పు గాంగుల రాజధాని కళింగనగరంగా చరిత్రకారులు గుర్తించిన శ్రీముఖలింగం గ్రామం. ఈ రెండింటినీ రెండు రోజులలో, తక్కువ ఖర్చుతో చూడవచ్చును. విజయనగరంలోని చారిత్రక కట్టడాలు చాలావరకు ఒకదానికొకటి నడక దూరంలో ఉండడం, శ్రీముఖలింగానికి దారితీసే శ్రీకాకుళం రోడ్ స్టేషను కూడా విజయనగరం ఉన్న రైలు మార్గంలోనే ఉండడం ఇందుకు కారణాలు.

ఈ కట్టడాలలో ఎక్కువ భాగం నేటికీ కళాశాలలుగా, ఆలయాలుగా వాడుకలో ఉన్నవే. అందువలన సందర్శకులు ఆయా సంస్థల పనివేళలను, ఆలయ సమయాలను దృష్టిలో ఉంచుకొని ప్రయాణాన్ని నిర్ణయించుకొనడం మంచిది.

పేర్ల విషయంలో జాగ్రత్త

ఈ విజయనగరాన్ని కర్ణాటకలో హంపి వద్దనున్న విజయనగర సామ్రాజ్య రాజధానిగా పొరబడరాదు. రెండింటి మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉన్నది. శ్రీకాకుళం పేరుతో కృష్ణా జిల్లాలో కూడా ఒక గ్రామం కలదు. అక్కడి ఆంధ్ర మహావిష్ణువు ఆలయం ప్రసిద్ధమైనది. రైలు టికెట్టు తీసుకొనేటప్పుడు విజయనగరం జంక్షనుకు వి.జెడ్.ఎం. అనే కోడును, శ్రీకాకుళం రోడ్ స్టేషనుకు సి.హెచ్.ఇ. అనే కోడును చూసుకోవాలి. ఆంగ్లేయుల కాలంలో శ్రీకాకుళాన్ని చికాకోల్ అని పిలిచేవారు. స్టేషను కోడులో ఆ పాత పేరే మిగిలి ఉన్నది. ఈ స్టేషను శ్రీకాకుళం పట్టణంలో కాక, సుమారు 13 కి.మీ. దూరంలోని ఆమదాలవలసలో ఉన్నది.

చరిత్ర

కళింగాన్ని పాలించిన తూర్పు గాంగులు వంశధార నది ఎడమ ఒడ్డున ఉన్న కళింగనగరం నుండి పాలన సాగించారు. 12వ శతాబ్దం తొలి భాగంలో అనంతవర్మ చోడగంగదేవుడు ఉత్కళాన్ని జయించిన తరువాత రాజధాని కటకానికి మారినది. పూరీ జగన్నాథ ఆలయ నిర్మాణాన్ని ప్రారంభించినది ఈ రాజే. రాజధాని తరలిపోయిన తరువాత కళింగనగరం క్రమంగా పల్లెగా మారినది. ఆలయాలు మాత్రం నిలిచాయి.

కళింగనగరం ఎక్కడ ఉండేదన్న విషయంపై ఒకప్పుడు పండితులలో భిన్నాభిప్రాయాలు ఉండేవి. సముద్రతీరంలోని కళింగపట్నమే కళింగనగరమని కొందరు భావించారు. శాసనాలను పరిశీలించి, అది ముఖలింగమేనని వాదించినవారు గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ప్రసిద్ధుడైన ఆయన 1863 ఆగస్టు 29న ముఖలింగానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు.

విజయనగరం చరిత్ర దీనికి చాలా తరువాతిది. పూసపాటివారు అంతకుముందు కుమిలి కేంద్రంగా పాలించేవారు. 1713లో విజయనగరం కోట నిర్మాణం మొదలైనది. రాజు పేరు విజయరామరాజు, సంవత్సరం విజయ నామ సంవత్సరం, రోజు విజయదశమి, వారం జయవారంగా పిలువబడే మంగళవారం, ఊరి పేరు విజయనగరం - ఇలా ఐదు విజయాలు కలిసిన ముహూర్తంలో శంకుస్థాపన జరిగినదని స్థానికులు చెప్పుకుంటారు.

1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధంలో విజయనగరం రాజు ఫ్రెంచి సేనాని బుస్సీతో కలిసి బొబ్బిలి కోటను ముట్టడించాడు. కోట పతనమైన కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆయన గుడారంలోనే వధించాడు. 1794 జూలై 10న పద్మనాభం వద్ద ఈస్టిండియా కంపెనీ సైన్యంతో జరిగిన యుద్ధంలో ఆయన తరువాతి విజయరామరాజు మరణించాడు. ఆ తరువాత సంస్థానం కంపెనీ అధికారానికి లోబడిన జమీందారీగా కొనసాగినది. యుద్ధాలు ముగిసిన తరువాతి శతాబ్దంలో విద్య, సంగీతం, సాహిత్యం విజయనగరానికి పేరు తెచ్చాయి.

రవాణా సౌకర్యాలు

విజయనగరం హౌరా - చెన్నై ప్రధాన రైలు మార్గంలో ఉన్న జంక్షను. రాయపూర్ వైపు వెళ్ళే మార్గం ఇక్కడ చీలుతుంది. విశాఖపట్నం నుండి విజయనగరానికి సుమారు 60 కి.మీ. దూరం. అక్కడి నుండి శ్రీకాకుళం రోడ్ స్టేషనుకు మరొక 70 కి.మీ. ఉంటుంది. ఈ దూరాలకు రిజర్వేషను లేని రెండవ తరగతి టికెట్టు అన్నిటికంటే చవకైన మార్గం. అయితే అన్ని ఎక్స్‌ప్రెస్ రైళ్ళూ అన్ని స్టేషన్లలో ఆగవు. ప్యాసింజరు రైళ్ళ వేళలను ముందుగా చూసుకొనవలెను.

ఆర్టీసీ బస్సులు విశాఖపట్నం నుండి రెండు పట్టణాలకూ తరచుగా నడుస్తాయి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద ఆంధ్రప్రదేశ్‌కు చెందిన మహిళలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి నిర్ణీత సర్వీసులలో ఉచితంగా ప్రయాణించవచ్చును. ఇందుకు గుర్తింపు కార్డు చూపవలసి ఉంటుంది. పట్టణంలో తిరగడానికి షేర్ ఆటోలు దొరుకుతాయి.

విజయనగరంలో చూడదగిన ప్రదేశాలు

కోట: పట్టణం నడిబొడ్డున చతురస్రాకారంలో ఉన్న రాతి కోట ఇది. నాలుగు మూలలా బురుజులు కలవు. తూర్పున ఉన్న ప్రధాన ద్వారాన్ని నగారాఖానా అంటారు. రాజుల రాకను, అతిథుల రాకను తెలుపుతూ ఇక్కడ నగారా మోగించేవారు. పి.వి.జి. రాజు తన తండ్రి అలక్ నారాయణ గజపతి పేరిట 1958లో స్థాపించిన మాన్సాస్ సంస్థ కోటలో విద్యాసంస్థలను నడుపుతున్నది. లోపలి భాగం కళాశాల ఆవరణ కావడం వలన అక్కడికి వెళ్ళదలచినవారు ద్వారం వద్ద అనుమతి అడగడం మర్యాద. కోట గోడలను, ద్వారాన్ని, బురుజులను బయటి నుండి ఎప్పుడైనా చూడవచ్చును.

గంటస్తంభం: కోటకు సమీపంలో బజారు మధ్యన ఉన్న ఎనిమిది పలకల కట్టడం. 19వ శతాబ్దం చివరి భాగానికి చెందినది. పట్టణంలో దారి అడిగేవారికి ఇదే కొండగుర్తు.

మహారాజా సంగీత నృత్య కళాశాల: 1919లో విజయరామ గజపతి స్థాపించిన సంస్థ. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దీని తొలి అధ్యక్షుడు. వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు ఇక్కడ ఆచార్యుడిగా పనిచేసి, 1936లో అధ్యక్షుడైనారు. ఘంటసాల వెంకటేశ్వరరావు, పి.సుశీల ఇక్కడి విద్యార్థులే. తరగతులు జరిగే వేళలో దారిన పోయేవారికి కూడా సాధన వినబడుతుంది.

గురజాడ గృహం: మహాకవి గురజాడ అప్పారావు నివసించిన ఇల్లు. కన్యాశుల్కం నాటకం 1892లో ఈ పట్టణంలోనే మొదట ప్రదర్శించబడినది. 1897లో అచ్చయిన తొలి కూర్పును కవి ఆనంద గజపతికి అంకితం చేశారు. నాటకంలోని అనేక సన్నివేశాలకు ఈ ఊరి వీధులే రంగస్థలం. నాటకం చదివి వచ్చిన విద్యార్థులకు పాత వీధులలో నడవడం మరింత ఆసక్తికరంగా ఉంటుంది. కథకుడు చాగంటి సోమయాజులు (1915-1994) కూడా ఈ ఊరివారే.

పైడితల్లి అమ్మవారి ఆలయాలు: రైల్వే స్టేషను వైపు ఉన్నది వనంగుడి. మూడులాంతర్ల వద్ద ఉన్నది చదురుగుడి. బొబ్బిలి యుద్ధ సమయంలో ప్రాణత్యాగం చేసిన రాజు సోదరియే దేవతగా వెలసినదని, ఆమె ప్రతిమ పెద్దచెరువులో దొరికినదని ప్రతీతి. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం నాడు సిరిమానోత్సవం జరుగుతుంది. పొడవైన చింతమాను కొనన కట్టిన ఆసనంపై పూజారి కూర్చొనగా, దానిని చదురుగుడి నుండి కోట వరకు మూడుసార్లు ఊరేగిస్తారు. రాజవంశీయులు కోట బురుజు పైనుండి ఉత్సవాన్ని తిలకించడం ఆచారం.

రామతీర్థం: పట్టణానికి సుమారు 12 కి.మీ. దూరంలో ఉన్నది. శ్రీరామాలయంతో పాటు గురుభక్తులకొండపై బౌద్ధ శిథిలాలు, దుర్గకొండపై జైన విగ్రహాలు కలవు. కొండలు ఎక్కేవారు ఉదయం పూటనే వెళ్ళి, తాగునీరు వెంట తీసుకొనిపోవలెను.

శ్రీముఖలింగం

శ్రీకాకుళం పట్టణానికి సుమారు 46 కి.మీ. దూరంలో, జలుమూరు మండలంలో ఉన్నది. ఇక్కడ మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వర ఆలయాలు కలవు. ప్రధాన ఆలయమైన మధుకేశ్వరాలయంలో గర్భగుడి చుట్టూ చిన్న గుళ్ళు ఉన్నాయి. ఇప్పచెట్టును సంస్కృతంలో మధూకం అంటారు. శివుడు ఇప్పచెట్టు నుండి వెలసినందున మధుకేశ్వరుడైనాడని స్థలపురాణం. గోడలపైనా స్తంభాలపైనా ఉన్న అనేక శాసనాలు గాంగుల చరిత్రకు ముఖ్యమైన ఆధారాలు. సోమేశ్వరాలయానికి ముందు మండపం లేదు. ఎత్తైన శిఖరం ఒక్కటే నిలిచి ఉండుట వలన కళింగ వాస్తు రీతి ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది. ఈ శైలిని భువనేశ్వరంలోని ఆలయాలతో పోల్చి చూడవచ్చును.

ఈ గ్రామానికి బస్సులు పట్టణాల మధ్య ఉన్నంత తరచుగా ఉండవు. దిగిన వెంటనే తిరుగు బస్సు వేళ కనుక్కొనడం అవసరం. నలుగురు కలిసి వస్తే ఆమదాలవలస నుండి ఆటో మాట్లాడుకొనడం కూడా భారం కాదు.

రెండు రోజుల ప్రణాళిక

మొదటి రోజు: ఉదయం విజయనగరం చేరుకొని, సామాను గదిలో ఉంచి, ఎండ ముదరక ముందే కోట, గంటస్తంభం, చదురుగుడి చూడవచ్చును. గురజాడ గృహం, సంగీత కళాశాలలను పనివేళలలో చూడాలి. ఆదివారాలు, సెలవు రోజులలో ఈ రెండూ మూసి ఉండే అవకాశం ఉన్నందున వారం మధ్యలో రావడం మేలు. సాయంత్రం పెద్దచెరువు గట్టున గడపవచ్చును.

రెండవ రోజు: తెల్లవారుజామున రైలులో శ్రీకాకుళం రోడ్ చేరి, అక్కడి నుండి శ్రీముఖలింగం వెళ్ళవలెను. ఆలయాలు మధ్యాహ్నం మూసే లోపుగా దర్శనం ముగించుకొని, సాయంత్రం రైలులో తిరిగి రావచ్చును. ఒకే రోజున అరసవల్లి, శ్రీకూర్మం కూడా చేర్చుకుంటే హడావుడే మిగులుతుంది.

మూడవ రోజు వీలున్నవారు శ్రీకాకుళంలో బస చేసి అరసవల్లి సూర్యదేవాలయం, శ్రీకూర్మం, శాలిహుండం చూడవచ్చును. అరసవల్లిలో ఏటా మార్చి, అక్టోబరు నెలలలో కొద్ది రోజులపాటు సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. శాలిహుండంలో వంశధార ఒడ్డునున్న కొండపై బౌద్ధ స్తూపాల అవశేషాలు కలవు.

ఖర్చు తగ్గించుకొనే పద్ధతులు

ఈ యాత్రలో ప్రధాన ఖర్చులు రెండు: గది అద్దె, అద్దె వాహనం. కోట గోడలు, పాత వీధులు, ఆలయాల ధర్మదర్శనం - వీటికి టికెట్టు అవసరం లేదు. విజయనగరంలో ఒక్క రాత్రి మాత్రమే బస చేస్తే మొదటి ఖర్చు, రైలును, బస్సును నమ్ముకుంటే రెండవ ఖర్చు తగ్గుతాయి. విశాఖపట్నంలో బంధువులు ఉన్నవారు గది తీసుకొనకుండానే రెండు రోజులూ వచ్చిపోవచ్చును. రైల్వే స్టేషను, బస్సు కాంప్లెక్సు పరిసరాలలో సాధారణ లాడ్జీలు, భోజన హోటళ్ళు ఉన్నాయి.

జ్ఞాపికలుగా కొనదలచినవారికి భీమాళి మామిడి తాండ్ర తక్కువ ధరలో లభిస్తుంది. పొందూరు ఖద్దరు ఖరీదైనదే అయినా పేరున్నది. అక్కడి నేత కుటుంబాలవారు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రపరచి, చేతితో నూలు వడుకుతారు. పొందూరు స్టేషను విజయనగరం - శ్రీకాకుళం రోడ్ మార్గంలోనే ఉన్నది.

అనుకూల సమయం

నవంబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. మే నెలలో ఎండ, ఉక్కపోత ఎక్కువ. అక్టోబరు, నవంబరు నెలలు తుఫానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తీరాన్ని తీవ్రంగా దెబ్బతీశాయి. ఆ నెలలలో బయలుదేరే ముందు వాతావరణ సూచన చూసుకొనడం అవసరం. సిరిమానోత్సవం, మహాశివరాత్రి సమయాలలో జనసందోహం అధికం. శివరాత్రి అనంతరం ముఖలింగం వద్ద వంశధారలో చక్రతీర్థ స్నానాలు జరుగుతాయి. ఉత్సవం చూడదలచినవారు గదిని చాలా ముందుగా మాట్లాడుకోవాలి. తక్కువ ఖర్చు ముఖ్యమనుకునేవారు ఆ రోజులను మినహాయించుకొనడం మంచిది.

కట్టడాల స్థితి

పాత రాజధాని కట్టడాలకు వాడుక ఒక రక్షణగా నిలిచినది. కోట కళాశాలలకు నెలవైనది. పట్టణానికి సమీపంలోని కోరుకొండ ప్యాలెస్‌లో 1962లో సైనిక పాఠశాల ఏర్పడినది. వాడుక లేని చిన్న కట్టడాల పరిస్థితి వేరు. చదురుగుడి సమీపంలోని కూడలికి పేరు తెచ్చిన మూడులాంతర్ల పాత కట్టడం 2020 మే నెలలో సుందరీకరణ పనుల పేరిట తొలగించబడినది. ఇందుకు పట్టణవాసులు అనేకులు నిరసన తెలిపారు. పాత పుస్తకాలలోనూ ఛాయాచిత్రాలలోనూ కనిపించే కట్టడాలన్నీ అదే రూపంలో ఉంటాయని భావించక, స్థానికులను అడిగి తెలుసుకొనడం మంచిది.

ఇవి కూడా చూడండి

బొబ్బిలి యుద్ధం
పూసపాటి వంశీయులు
తూర్పు గాంగులు
గిడుగు వెంకట రామమూర్తి
కన్యాశుల్కం (నాటకం)