బోధన్ చెరకు సీమ – ‘మల్లె’ మొక్క: పేరు, జాతి నిర్ణయం, చరిత్ర

ఉపోద్ఘాతం

‘మల్లె’ అనగానే తెలుగువారికి స్ఫురించేది సువాసన గల పువ్వు. వ్యవసాయ వ్యవహారంలో మాత్రం ఈ మాటకు భయాన్ని కలిగించే అర్థం ఒకటి ఉంది. జొన్న, చెరకు వంటి పంటల వేర్లను పట్టుకొని వాటి సారాన్ని పీల్చే చిన్న ఏకవార్షిక మొక్కను కూడా ‘మల్లె’ అనే అంటారు. జొన్నచేలో కనిపించేది జొన్నమల్లె. పొగాకును ఆశించే పొగాకుమల్లె వేరొక ప్రజాతికి చెందినది. జొన్నమల్లెకు వృక్షశాస్త్రంలో స్ట్రైగా అని పేరు. ఈ ఒక్క తెలుగు పేరు కింద ఒకదానినొకటి పోలిన మూడు జాతులైనా ఒదిగి ఉన్నాయి. వాటిని వేరుచేసిన క్రమాన్నీ, ఆ క్రమంలో నిజామాబాద్–బోధన్ ప్రాంతపు స్థానాన్నీ పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

మూడు జాతులు – ఒక కొలమానం

లిన్నేయస్ 1753లో ఈ మొక్కలలో ఒకదానిని బుక్నెరా ఏషియాటికాగా నమోదు చేశాడు. 1790లో లూరీరో స్ట్రైగా ప్రజాతిని ఏర్పరచి, స్ట్రైగా లూటియా అనే జాతిని వర్ణించాడు. 1891లో కుంట్జె లిన్నేయస్ పేరును ఈ ప్రజాతిలోకి మార్చడంతో స్ట్రైగా ఏషియాటికా అనే నేటి పేరు ఏర్పడింది. స్ట్రైగా డెన్సిఫ్లోరా అనే పేరు 1836లో బెంథామ్ రచనతో స్థిరపడింది. మూడవదైన స్ట్రైగా అంగుస్టిఫోలియాను భారతీయ గ్రంథాలు చాలాకాలం స్ట్రైగా యూఫ్రేసియాయిడిస్ అని పేర్కొన్నాయి. ప్రస్తుత నామం 1963లో సల్దాన్హా చేసిన మార్పు. కాబట్టి పాత వ్యవసాయ నివేదికలు చదివే పరిశోధకుడు ‘లూటియా’ను ఏషియాటికాగా, ‘యూఫ్రేసియాయిడిస్’ను అంగుస్టిఫోలియాగా గుర్తించవలసి ఉంటుంది.

ఈ మూడింటినీ పూల రంగును బట్టి వేరుచేయడం పొరపాటుకు దారితీస్తుంది. ఏషియాటికా పూలు ఆఫ్రికాలో ఎక్కువగా ఎర్రగా ఉంటాయి. మన దేశంలో తెల్లగానో పసుపుగానో కనిపిస్తాయి. మిగిలిన రెండు జాతుల పూలూ సాధారణంగా తెల్లనివే. పైగా మొక్కను ఎండబెడితే నల్లబడుతుంది, రంగు సాక్ష్యం నశిస్తుంది. నిలిచేది రక్షకపత్రావళి మీది నిలువు ఈనెల సంఖ్య. డెన్సిఫ్లోరాకు అయిదు, ఏషియాటికాకు సాధారణంగా పది, అంగుస్టిఫోలియాకు పదిహేను ఈనెలు ఉంటాయి. చేతి భూతద్దంతో లెక్కించగల ఈ గుర్తు నూరేళ్లనాటి ఎండు నమూనాలో కూడా చెదరదు. పూర్వం ఇదే కుటుంబంలో చేర్చిన వెరోనికా మొక్కల విషయంలోనూ ఐరోపా వృక్షశాస్త్రజ్ఞులు ఈ మార్గాన్నే అనుసరించారు. పొలాల్లో మొలిచే చిన్న నీలిపూల వెరోనికాలను వారు రంగుతో కాక రక్షకపత్రాల ఆకారంతో, కాయ మీది నూగుతో వేరుచేశారు.

సీమ – పంట – పరాన్నజీవి

మంజీర నదిపై 1923–31 మధ్య నిర్మించిన నిజాంసాగర్, 1937లో ఏర్పడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ బోధన్ ప్రాంతపు పంటల స్వరూపాన్ని మార్చివేశాయి. జొన్నకు అలవాటుపడిన నేలల్లోకి చెరకు వచ్చింది. ఈ రెండూ గడ్డి కుటుంబపు పంటలే. రెండూ స్ట్రైగాకు ఆతిథేయులే. ఈ మొక్క విత్తనాలు ధూళికణాలంత చిన్నవి. అవి నేలలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండి, ఆతిథేయి వేరు నుండి స్రవించే రసాయనం సోకినప్పుడే మొలకెత్తుతాయి. అటువంటి రసాయనాన్ని శాస్త్రజ్ఞులు మొదట వేరుచేసింది 1966లో, పత్తి వేర్ల నుండి. పత్తి స్ట్రైగాకు ఆతిథేయి కాదు. అది విత్తనాన్ని మొలిపిస్తుంది గాని ఆహారం ఇవ్వదు. పత్తితో పంటమార్పిడి ఉపయోగపడటానికి ఇదే కారణం.

గుర్తించడం ఎంత విలువైనదో అమెరికా అనుభవం చెబుతుంది. కరోలినా రాష్ట్రాలలో మొక్కజొన్న గిడసబారడానికి కారణం తెలియని దశలో, 1956లో, స్ట్రైగాను పోల్చుకున్నది దానిని స్వదేశంలో చూసి ఉన్న ఒక భారతీయ విద్యార్థి. మరుసటి ఏడాదే అక్కడ నిర్బంధ చర్యలు మొదలయ్యాయి.

పేర్ల సేకరణలో ఖాళీ

తెలుగు మొక్కల పేర్లను వృక్షశాస్త్ర నామాలతో జతపరచిన తొలి ప్రయత్నాలలో వాల్టర్ ఇలియట్ ‘ఫ్లోరా ఆంధ్రికా’ (1859) ముఖ్యమైనది. అయితే దాని ప్రధాన ఆధారం ఉత్తర సర్కారులు. గాంబుల్ 1915లో ప్రారంభించిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షసంపద గ్రంథం పరిధిలోకి హైదరాబాదు రాజ్యం రాలేదు. ఆ రాజ్యంలో పాలనాభాష ఉర్దూ. ఇందూరు రైతు నోటి పేరు ఈ రెండు గ్రంథాల పరిధికీ, పాలనా పత్రాల భాషకూ వెలుపలే ఉండిపోయింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశపు వ్యవసాయ సంపుటం తెలంగాణ పదాలకు చోటిచ్చింది. నిజామాబాదు జిల్లా వృక్షసంపదపై పుల్లయ్య, రవిప్రసాదరావుల గ్రంథం 1995లో వచ్చింది. ఒకటి మాటను, మరొకటి మొక్కను నమోదు చేసింది. ఈ రెండు నమోదుల మధ్య మూడు దశాబ్దాలకు మించిన ఎడం ఉంది.

ముగింపు

రైతు ఇచ్చిన పేరు అజ్ఞానానికి గుర్తు కాదు. ఏ పంటను ఆశిస్తుందో చూసి జొన్నమల్లెను పొగాకుమల్లెనుండి వేరుచేయడం కూడా వర్గీకరణే. చేనుకు అవసరమైన వర్గీకరణ అది. ఈనెల లెక్క జవాబిచ్చేది మరొక ప్రశ్నకు. ఒకదానిని వదిలి మరొకదానిని స్వీకరిస్తే చరిత్ర సగమే అవుతుంది. బోధన్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. చెరకు సాగుతో పెరిగిన పదజాలానికి ఆధారం ఇప్పుడు వృద్ధ రైతుల జ్ఞాపకమే. మాండలిక సేకరణకు వెళ్లే పరిశోధకుడు ‘మల్లె’ అన్న మాటను రాసుకోవడంతో ఆగకూడదు. ఏ పంటలో, ఏ నెలలో, ఏ ఊరిలో చూశారో నమోదు చేసి, పూతతో ఉన్న మొక్కను ఎండబెట్టి ఆ మాటకు జతచేయాలి. ఆ నమూనా మీది ఈనెలు లెక్కించగలిగిననాడే ఆ మాట ఏ మొక్కను సూచించిందో తరువాతి తరం నిర్ధారించగలుగుతుంది.