ఉంగరాల జుట్టు, గోరింటాకు: ఐదువేల ఏళ్ల ప్రయాణం

ఎగువ ఈజిప్టులో, నైలు నది పడమటి గట్టున, హియరకాన్‌పొలిస్ అనే పాత పట్టణం ఉండేది. అక్కడి సామాన్యుల శ్మశానంలో సుమారు క్రీ.పూ. 3400 నాటి ఒక స్త్రీ సమాధిని తవ్వితే, ఆమె జుట్టు కూడా పాడవకుండా బయటపడింది. ఆమె ఉన్న జుట్టుకు సవరాలు కలిపి పెంచుకుంది. నెరిసిన వెంట్రుకలకు రంగు పట్టించుకుంది. ఆ రంగు గోరింటాకుదేనని పరిశీలించిన నిపుణులు చెప్పారు. అప్పటికింకా పిరమిడ్లు లేవు. రాణీ కాదు, రాజకుమారీ కాదు, ఒక మామూలు స్త్రీ నడివయసులో తన తలకు చేసుకున్న సంరక్షణ ఇది.

గోరింటాకు చరిత్ర అనగానే అందరికీ అరచేతులే గుర్తొస్తాయి. తలకు పెట్టుకోవడం కూడా అంతే పాతది. తలకు అది చేసే మేలు రెండు రకాలు: రంగు, బలం. రంగు అందరి కంటా పడుతుంది కనుక రాతల్లోకి అదే ఎక్కువగా ఎక్కింది. బలం సంగతి వాడినవారికే తెలుస్తుంది. ఉంగరాల జుట్టున్నవారికి ముఖ్యంగా కావలసింది ఈ రెండోదే. ఆ వైపు నుంచి చూస్తే ఈ ఆకు చరిత్రలో ఒక వరస కనిపిస్తుంది. రసాయన రంగులూ, ఉంగరాల జుట్టును తిన్నగా చేసి తీరాలన్న ఒత్తిడీ పెరిగిన కాలంలో గోరింటాకు వెనకబడింది. ఆ జుట్టును ఉన్నది ఉన్నట్టుగా మన్నించిన కాలంలో మళ్లీ ముందుకు వచ్చింది.

ఆకులో ఉన్నదేమిటి?

గోరింట దానిమ్మ కుటుంబానికి చెందిన పొద. 1753లో లినేయస్ దీనికి లాసోనియా ఇనర్మిస్ అని శాస్త్రీయ నామం పెట్టాడు. ఆకులోని రంగు పదార్థం లాసోన్. పచ్చి ఆకులో దీని మూలపదార్థం చక్కెర అణువులతో ముడిపడి ఉంటుంది. ఆకు నలిగి, తడిసి, కాస్త పులుపు తగిలితే ఆ ముడి విడి లాసోన్ తయారవుతుంది. ముద్దను కొన్ని గంటలు నాననివ్వడం, నిమ్మరసం పిండడం అందుకే. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైంది. లాసోన్ ఆ కెరటిన్‌తో రసాయనికంగా బంధం కట్టుకుంటుంది. అందువల్ల ఒకసారి పట్టిన రంగు తలంటుకు పోదు.

ఉంగరాల వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా కాక చదునుగా, కోలగా ఉంటుంది. తిన్నని వెంట్రుక మీద మాడులోని నూనె కిందికి సులువుగా జారుతుంది. మెలికలు తిరిగిన వెంట్రుక మీద అది చివరిదాకా చేరదు. పైగా ప్రతి వంపూ ఒక బలహీనమైన చోటే. దువ్వెన తగిలితే అక్కడే తెగుతుంది. ఇలాంటి వెంట్రుకకు లాసోన్ బంధం కొంత దన్నునిస్తుంది. జుట్టు మందంగా, మెరుపుగా అనిపిస్తుంది.

అదే బంధానికి మరో ఫలితమూ ఉంది. మాటిమాటికీ పెడితే పొర మీద పొర చేరి, వదులు ఉంగరాలున్న జుట్టులో ఆ వంపులు సాగిపోతాయని ఎందరో వాడకందారుల అనుభవం. బిగువైన చిన్న రింగుల జుట్టులో ఈ మార్పు అంతగా తెలియదు. రంగు చెరగనట్టే ఈ సాగుడు కూడా తొందరగా పోదు. గోరింటాకు మేలూ, దాని పరిమితీ ఒకే గుణం నుంచి పుట్టాయి.

మధ్యధరా తీరాన, ఎడారి దారుల్లో

క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయోస్కొరిడీస్ తన ఓషధుల గ్రంథంలో జుట్టుకు గోరింటాకు పెట్టే విధానం రాశాడు. ఆకును నూరి, మన కుంకుడులా నురగ కట్టే ఒక మొక్క రసంలో నానబెట్టి తలకు పట్టించాలన్నాడు. అదే కాలపు రోమన్ రచయిత ప్లీనీ కూడా ఈ పద్ధతిని పేర్కొన్నాడు. రంగు వేయడం, తల శుభ్రపరచడం అప్పటికే ఒకే పనిలో కలిసిపోయాయని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇస్లాం విస్తరణతో ఈ అలవాటు మరింత దూరం వెళ్లింది. నెరిసిన జుట్టుకు గోరింటాకు, కతమ్ అనే మొక్క మేలైనవని హదీసు సంకలనాలు చెబుతాయి. స్త్రీలూ పురుషులూ ఇద్దరూ పెట్టుకునేవారు. ఇరాన్‌లో ముందు గోరింటాకు, ఆపైన నీలి ఆకు పెట్టి నల్లరంగు తెచ్చుకునే పద్ధతి స్థిరపడింది. మొరాకో నుంచి సూడాన్, యెమెన్ దాకా, అంటే ఉంగరాల జుట్టు, రింగుల జుట్టు సర్వసాధారణమైన నేలల్లో, గోరింటాకు స్నానపు గదిలో నిత్యం ఉండే వస్తువైంది.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా కదిలించే ఘట్టం స్పెయిన్‌లోని గ్రెనడాలో జరిగింది. 1492లో ఆ నగరం క్రైస్తవ రాజుల చేతికి వచ్చాక అక్కడి ముస్లింలను బలవంతంగా మతం మార్పించారు. వారిని మొరిస్కోలు అన్నారు. 1567 జనవరిలో రాజు రెండవ ఫిలిప్ శాసనాన్ని నగరంలో చాటించారు. అరబ్బీ భాష, వారి దుస్తులు, వారి స్నానశాలలతో పాటు గోరింటాకు పెట్టుకోవడాన్నీ నిషేధించారు. ఫ్రాన్సిస్కో నూనెజ్ ములే అనే వృద్ధ మొరిస్కో ప్రముఖుడు దీన్ని ఎదిరిస్తూ అధికారులకు విన్నపం రాశాడు. తలకు గోరింటాకు పెట్టుకోవడం మతాచారం కాదని, తలలోని మురికిని తీసే ఆరోగ్యకరమైన అలవాటని అందులో వాదించాడు. ఆయన మాట వినలేదు. మరుసటి ఏడాది చివర ఆ ప్రాంతమంతా తిరుగుబాటు రేగింది. ఒక ఆకును తలకు పెట్టుకునే హక్కు కోసం రాజ్యంతో వాదించిన మనిషిగా ములే గుర్తుంచుకోదగినవాడు. గోరింటాకు రంగు కోసమే కాదని, తల బాగు కోసమని అంత స్పష్టంగా రాసిపెట్టినందుకు కూడా ఆయనకు మనం రుణపడి ఉన్నాం.

సెలూన్లు దూరం పెట్టిన కాలం

పందొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో గోరింటాకు మళ్లీ వేడుకగా వచ్చింది. ఒపెరా గాయని అడెలీనా పాటీ వంటివారి వల్ల ఎర్రని జుట్టు మీద మోజు పెరిగిందని చెబుతారు. అయితే ఆ మోజుకు పోటీ అప్పటికే తయారవుతోంది. 1907లో పారిస్ రసాయన శాస్త్రజ్ఞుడు యూజీన్ షూలర్ కృత్రిమమైన జుట్టు రంగు తయారుచేసి, 1909లో సంస్థ పెట్టాడు. అదే నేటి లోరియాల్. పారాఫినైలిన్‌డయమీన్, క్లుప్తంగా పీపీడీ, జుట్టు రంగుల్లో ముఖ్య సరుకైంది.

అదే కాలంలో తిన్నని జుట్టున్నవారు డబ్బిచ్చి రింగులు తిప్పించుకునే పర్మింగ్ మొదలైంది. గోరింటాకుకు చెడ్డపేరు ఇక్కడే వచ్చింది. రకరకాల రంగుల కోసం గోరింటాకు పొడిలో సీసం, రాగి, వెండి లవణాలు కలిపి అమ్మారు. ఆ లవణాలున్న జుట్టు మీద పెరాక్సైడో పర్మింగ్ ద్రావణమో పడితే జుట్టు వేడెక్కి, రంగు మారి, తెగిపోయేది. తప్పు కల్తీది, నింద ఆకుకు పడింది. గోరింటాకు పెట్టిన తలను ముట్టుకోబోమని చెప్పే సెలూన్లు ఈనాటికీ ఉన్నాయి.

తిన్నదనం అనే ఒత్తిడి, దానికి జవాబు

అమెరికాలో నల్లజాతి స్త్రీల కథ ఇంకా బరువైనది. బానిసత్వం పోయినా, చిన్న రింగుల జుట్టు మొరటుదన్న చూపు పోలేదు. ఉద్యోగం కావాలన్నా, బడిలో అడుగుపెట్టాలన్నా తిన్నని జుట్టు అర్హతలా మారింది. మొదట కాల్చిన ఇనుప దువ్వెనలు, తరువాత రిలాక్సర్లు వచ్చాయి. రిలాక్సర్‌లోని క్షారం కెరటిన్‌లోని గంధకపు బంధాలను తెంచి, మెలికలను శాశ్వతంగా విప్పేస్తుంది. గోరింటాకు కెరటిన్‌కు అతుక్కుంటుంది, రిలాక్సర్ కెరటిన్‌ను విరగ్గొడుతుంది. రెండింటి మధ్య తేడా అంత పెద్దది.

1960లలో పౌరహక్కుల ఉద్యమంతో పాటు ఆఫ్రో జుట్టు ఆత్మగౌరవ పతాకమైంది. 1970లలో పాశ్చాత్య యువత మొక్కల మందుల వైపు తిరిగినప్పుడు గోరింటాకు మళ్లీ దుకాణాల్లోకి చేరింది. అసలైన మలుపు ఈ శతాబ్దం మొదట్లో వచ్చింది. 2001లో లొరైన్ మాసీ రాసిన ‘కర్లీ గర్ల్’ పుస్తకం ఉంగరాల జుట్టును దువ్వి అణచవద్దని, తేమతో కాపాడుకోవాలని చెప్పింది. నల్లజాతి స్త్రీలు పెద్ద సంఖ్యలో రిలాక్సర్లు మానేశారు. తెగి, పలచబడిన జుట్టును నిలబెట్టుకోవడానికి చాలామంది గోరింటాకును ఎంచుకున్నారు. వంపు సాగకుండా బలం మాత్రమే అందేలా ఒక పద్ధతి వీళ్లలో వ్యాపించింది. కొద్దిపాటి గోరింటాకు ముద్దను కండిషనర్‌లో కలిపి, తక్కువ సేపు ఉంచి కడిగేయడమే ఆ పద్ధతి.

2019లో కాలిఫోర్నియా రాష్ట్రం సహజమైన జుట్టు పేరిట వివక్ష చూపడాన్ని నిషేధిస్తూ క్రౌన్ చట్టం చేసింది. 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33 వేలకు పైగా స్త్రీలను పరిశీలించిన అధ్యయనం వెలువడింది. జుట్టును తిన్నగా చేసే ఉత్పత్తులను తరచూ వాడినవారిలో గర్భాశయ క్యాన్సర్ ముప్పు ఎక్కువగా కనిపించిందని అది చెప్పింది. అందం కోసమని మోసిన భారం ఎంతటిదో అప్పుడు లెక్కకు వచ్చింది.

మన ఇళ్లలో

మనకు ఆషాఢంలో, అట్లతద్దికి చేతులకు గోరింటాకు పండగ. తలకు పెట్టడం ఆదివారం పని. ఇనుప మూకుడులో పొడి వేసి, టీ డికాక్షన్ పోసి, నిమ్మరసం, పెరుగు, ఉసిరి పొడి, మెంతిపిండి కలిపి రాత్రంతా నానబెడతారు. ఇనుముతో టీలోని, ఉసిరిలోని వగరు కలిసి ముద్ద నల్లబడుతుంది. ఉసిరి కలిపితే ఉంగరాల బిగువు నిలుస్తుందని వాడకందారుల నమ్మకం. పెరుగు, మెంతి జిగురు ఆకు తెచ్చే పొడిదనాన్ని తగ్గిస్తాయి. రిలాక్సర్లు మానిన స్త్రీలు కండిషనర్‌తో సాధించినదాన్నే మన అమ్మమ్మలు పెరుగుతో సాధించారు.

ఇంత తెలిసిన ఇళ్లలోనే ఉంగరాల జుట్టున్న ఆడపిల్లకు చిన్నప్పటి నుంచి చీవాట్లు తప్పవు. ఆ జుట్టు చిక్కు అంటారు, నూనె రాసి బిగించి జడ వేస్తారు, పెళ్లి దగ్గరపడితే పార్లర్‌కు స్మూతెనింగ్‌కి పంపుతారు. ఆ జుట్టు ఆమెకు పెద్దల నుంచి వచ్చిన సొత్తు. దానికి సిగ్గుపడమని నేర్పడం అన్యాయం.

మరో ప్రమాదం పొట్లాల్లో ఉంది.  అసలు ఆకు పొడి నల్లజుట్టు మీద ఎండలో కనిపించే ఎరుపునే ఇస్తుంది, నెరిసిన వెంట్రుకను నారింజ రంగు చేస్తుంది. అది ఒక్కటే నిమిషాల్లో నల్లరంగు ఇవ్వలేదు. అలా ఇస్తుందని చెప్పే ‘కాలీ మెహందీ’ పొట్లాల్లో చాలావాటిలో పీపీడీ ఉంటుంది. మాడు మీద దద్దుర్లు, ముఖం వాపు తెచ్చే ఈ రసాయనాన్ని అమెరికా చర్మవ్యాధి నిపుణుల సంఘం ఒకటి 2006లో ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. మరోవైపు, ఐరోపా సంఘపు శాస్త్రీయ కమిటీ 2013లో లాసోన్ 1.4 శాతం మించని స్వచ్ఛమైన గోరింటాకు జుట్టుకు సురక్షితమని తేల్చింది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారికి, ముఖ్యంగా పసిపిల్లలకు మాత్రం ఆకు కూడా హాని చేయగలదు. వారికి పెట్టకూడదు.

కనుక ఉంగరాల జుట్టున్న ప్రతి తల్లికీ, ఆడపిల్లకూ, అబ్బాయికీ నా విన్నపం ఇది. పొట్లం వెనక రాసిన పదార్థాలన్నీ చదవండి, గోరింటాకు తప్ప మరో రసాయనం ఉంటే వదిలేయండి. ముందు దువ్వెనకు రాలిన వెంట్రుకల మీద వేసి చూడండి. తొలిసారి పెరుగులోనో కండిషనర్‌లోనో పలచగా కలిపి, తక్కువ సేపే ఉంచండి. ముద్ద పూర్తిగా ఆరిపోకముందే కడగండి, దువ్వెనతో కాక వేళ్లతో చిక్కు తీయండి. వంపు మారుతోందనిపిస్తే పొడవునా పెట్టడం మానేసి, కొత్తగా పెరిగిన కుదుళ్లకే పెట్టండి. జుట్టును బలపరచడానికి గోరింటాకు వాడండి, తిన్నగా చేయడానికి వాడకండి.