క్షయరోగ పరీక్షల చరిత్రము

క్షయమునకు మన పూర్వులు రాజయక్ష్మ మని పేరిడిరి. చరకసంహిత దానికి 11 రూపములు చెప్పినది. జ్వరము, దగ్గు, నెత్తురు పడుట మున్నగు వానిని జూచియే వైద్యుఁడు నిర్ణయింపవలసి యుండెను. రోగకారణ మెవ్వరి కంటికిని గానరాదు.

1882 మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున రాబర్టు కోచ్ ఆ క్రిమిని లోకమునకుఁ దెలిపెను. జీల్, నీల్సెను అను నిరువురు దానికి రంగు పట్టించు పద్ధతిని సంస్కరించిరి. కళ్లెను గాజుపలకపైఁ బులిమి, ఎఱ్ఱరంగు పోసి వేఁడిచేసి, ఆమ్లముతోఁ గడిగి, నీలిరంగు వేయుదురు. ఆమ్లమునకు లొంగని క్షయక్రిమి యెఱ్ఱగా నిలుచును. 1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయచికిత్సాలయము వెలసిన నాఁటికి శీఘ్రపరీక్ష యిదియే. కాని మిల్లీలీటరు కళ్లెలో 5,000 మొదలు 10,000 క్రిములైన లేనిదే సూక్ష్మదర్శినిలో నగపడవు. గ్రుడ్డు కలిపిన యాహారముపైఁ గ్రిమిని పెంచినచోఁ గొలఁదిగా నున్నను బయటపడును. దానికి 6 మొదలు 8 వారములు పట్టును. అంతవఱకు రోగి దగ్గుచుఁ బిల్లల నడుమనే పరుండును.

అందుచే లోక మాత్రపడినది. నెత్తురుబొట్టుతోఁ దేల్చెదమను పరీక్షలు బయలుదేఱి, మన దేశమున విరివిగా నమ్ముడుపోయినవి. ఏది త్వరగాఁ దేల్చునని మా సింగరాయకొండ పెద్దలు నన్నడుగుదురు. ఏది సరిగాఁ దేల్చునని యడిగిన బాగుండును. తర్కమున రెండు దోషములు కలవు. కపిలవర్ణమే గోలక్షణ మన్నచోఁ దెల్లయావు వెలియగును, ఇది యవ్యాప్తి. కొమ్ములుండుటే లక్షణ మన్నచో గేదెయు గోవగును, ఇది యతివ్యాప్తి. రక్తపరీక్ష రెంటను జిక్కినది. అది క్రిమిని వెదకదు. క్రిమికిఁ బ్రతిగా శరీరము పుట్టించు పదార్థమును వెదకును. క్రిమి సోకియు రోగము రానివారు మన దేశమునఁ గోట్లకొలఁది యున్నారు. అట్టివారిఁ గొందఱిని రోగులనెను. రోగులఁ గొందఱిని విడిచెను. ఒకఁడు నెలల తరబడి వృథాగా మందు మ్రింగును, వేఱొకఁడు ఊరికి రోగము పంచును. 2011లో ప్రపంచారోగ్యసంస్థ యీ పరీక్షలు వలదనెను. 2012లో భారతప్రభుత్వము నిషేధించెను.

క్రొత్త పరీక్షను విచారించు తీరు వినుఁడు. ఒకే రోగి కళ్లెను యంత్రమునకును, క్రిమిని పెంచు పరీక్షకును గూడ నిత్తురు. ఒకచోటి ఫలము వేఱొకచోటివారికిఁ దెలియనీయరు. పిమ్మట రెండును సరిపోల్చి, అవ్యాప్తి యెంత, అతివ్యాప్తి యెంత యని లెక్కింతురు. ఇట్లు నిగ్గుతేలినది జీన్ ఎక్స్‌పర్ట్. ఇది క్రిమియొక్క బీజద్రవ్యమునే పట్టి, 2 గంటలలో ఫలము చెప్పును. రిఫాంపిసిన్ మందునకు రోగము లొంగునా యనియుఁ దెలుపును. 2010లో ప్రపంచారోగ్యసంస్థ దీని నంగీకరించెను. గోవాలోఁ దయారగు ట్రూనాట్‌ను 2020లో నంగీకరించెను. అది బ్యాటరీతో నడచును గనుకఁ బల్లె యాసుపత్రికి మిక్కిలి తగినదని నా తలంపు.

ఒక్క సంగతి కలదు. చచ్చిన క్రిముల బీజద్రవ్యమును గూడ నీ యంత్రములు పట్టును. మందు వాడినవానికి రోగము తగ్గినదా లేదా యని తేల్చుటకు వైద్యులు నేఁటికిని నీల్సెను రంగును, వారములు పట్టు పెంపకమును ఆశ్రయించుచున్నారు.