ముందు మన ఇల్లు: ఐక్యరాజ్య సమితి నేర్చుకున్న పాఠం

1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన గురించి దివిసీమవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. సుమారు పదివేల మందిని పొట్టన పెట్టుకున్న ఆ నీరు తీసిన తరువాత దేశదేశాల సంస్థలవారు అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాలకు వచ్చి ఆదుకున్నారు. ఇళ్ళు, తుపాను షెల్టర్లు కట్టించారు. వారి మేలు మరువరానిది. అయితే సాయానికి వచ్చే సంస్థ తన వెనుక ఎంత పొగ, ఎంత మురుగు విడిచిపోతున్నదన్న ఆలోచన ఆ రోజుల్లో ఎవరికీ లేదు. అది ఎప్పుడు పుట్టిందో, ఎంత మూల్యంతో వంటబట్టిందో సభ్యుల దృష్టికి తేవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1972 జూన్‌లో స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ మహాసభ జరిగింది. మన ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ అందులో ప్రసంగించారు. ఆ ఏడాదే సమితి పర్యావరణ విభాగం ఏర్పడింది. దాని ప్రధాన కార్యాలయాన్ని కెన్యాలోని నైరోబీలో పెట్టారు. 1992లో రియో మహాసభ, 1997లో క్యోటో ఒప్పందం వచ్చాయి. పొగ తగ్గించమని దేశాలకు చెప్పడమే గాని, సమితి తన సొంత కార్యాలయాల పద్దు మొత్తంగా తీసింది లేదు.

2007 జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినాన అప్పటి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ ఆ మాట ఎత్తారు. సమితి సంస్థలన్నీ ముందు తమ ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు. 2008 ఆగస్టులో న్యూయార్క్ కార్యాలయంలో ఎయిర్ కండిషనర్లను 22 డిగ్రీల నుంచి 25 డిగ్రీలకు మార్చారు. కోట్లు, టైలు లేకుండా రావచ్చునని సిబ్బందికి చెప్పారు. ఎండాకాలంలో మన చొక్కా చేతులు మడిచి ఫైళ్ళు చూసిన మనకు ఇది నవ్వు తెప్పించవచ్చు. కాని అంత పెద్ద కార్యాలయంలో ఆ మూడు డిగ్రీలు చిన్న విషయం కాదు.

2008 సంవత్సరానికి తీసిన లెక్క 2009లో వెలువడింది. సమితి సంస్థలన్నీ కలిసి సుమారు 17 లక్షల టన్నుల బొగ్గుపులుసు వాయువుకు కారణమని తేలింది. అందులో దాదాపు సగం విమాన ప్రయాణాల వల్లనే! శాంతి దళాల శిబిరాల్లో రాత్రింబవళ్ళు నడిచే డీజిల్ జనరేటర్లది మరో పెద్ద వాటా. తగ్గించలేని పొగకు బదులు, మరొకచోట జరిగిన తగ్గింపును సొమ్మిచ్చి కొనే పద్ధతి కూడా వచ్చింది. ఒకరు ఉపవాసం ఉంటే మరొకరు పుణ్యం రాసుకున్నట్లు ఉన్నదని నాకు అనిపిస్తుంది.

పొగ లెక్క ఇలా సాగుతుండగా మురుగు లెక్క మరోచోట తప్పింది. హైతీ దేశంలో 2010 జనవరిలో భూకంపం వచ్చింది. అక్టోబరులో కలరా పుట్టింది. దాదాపు శతాబ్దంగా ఆ రోగం ఎరుగని దేశమది. శాంతి దళాల శిబిరం నుంచి మురుగు ఒక వాగులో కలిసి, అక్కడి నుంచి ఆర్టిబోనైట్ నదిలోకి చేరింది. దిగువ ఊళ్ళవారు ఆ నీళ్ళే తాగారు. ఎనిమిది లక్షల మందికి పైగా జబ్బుపడ్డారు, సుమారు పదివేల మంది చనిపోయారు. మన ఉప్పెనలో పోయినంత మంది! 2016 డిసెంబరులో గాని సమితి పక్షాన బాన్ కీ మూన్ క్షమాపణ చెప్పలేదు. పరిహారం కోసం ఆ కుటుంబాలు వేసిన దావా సమితికి ఉన్న చట్టరక్షణ వల్ల నిలవలేదు.

ఆ తరువాతనే శిబిరాల ఇంధనం, నీరు, మురుగు, చెత్తలపై ఆరేళ్ళ ప్రణాళిక గట్టిగా మొదలైంది. మంచి పనులు జరగలేదని కాదు. 2011లో నైరోబీలో 1,200 మంది పనిచేసే కొత్త భవనం తెరిచారు. పగటి వెలుతురు, కప్పు మీది సౌరఫలకాలు, వాననీటి నిల్వ దాని ప్రత్యేకతలు. 2030 నాటికి పొగను 45 శాతం తగ్గించాలని, కరెంటులో 80 శాతం సౌర, పవన విద్యుత్తు వంటివే వాడాలని సమితి సచివాలయం 2019లో నిర్ణయించుకున్నది.

పులిగడ్డ అక్విడక్టు దాటి వచ్చే నీటి కోసం ఎదురుచూసే మనం శివారు వాళ్ళం. ఎగువన ఎవరు ఏమి కలిపినా చివరికి మన గడపకే వస్తుంది. సముద్రం కూడా మన పక్కనే ఉన్నది. కనుక ఆ లెక్కలు మనకు పరాయివి కావు.

మన ఆఫీసుల్లో వాడిన కవరుకు ఎకానమీ స్లిప్పు అతికించి మళ్ళీ పంపిన రోజులు గుర్తున్నాయి కదా! కిటికీ గాలి, కూజా నీళ్ళతో సర్వీసంతా గడిచింది. దానిని మనం పొదుపు అన్నాము, మరో పేరు పెట్టలేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ప్లాస్టిక్ గ్లాసులకు బదులు స్టీలు గ్లాసులు పెట్టాలని, తిన్న విస్తళ్ళు కాలువ గట్టున పడవేయరాదని కార్యవర్గానికి నా మనవి. మన దిగువన కూడా ఊళ్ళున్నాయి.