మలేరియా దోమ కడుపులో బ్యాక్టీరియా: గుడ్డు నుంచి రెక్కలొచ్చే వరకు

మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం ఒక మనిషి నుంచి మరొకరికి చేరాలంటే ఆడ అనాఫిలిస్ దోమ కడుపును దాటాలి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ ఈ పరాన్నజీవిని గుర్తించింది దోమ జీర్ణాశయపు గోడలోనే. అయితే అక్కడ అది ఒంటరిగా ఉండదు. అదే చోట నివసించే బ్యాక్టీరియా దాని మనుగడను ప్రభావితం చేస్తుందని ఇటీవలి దశాబ్దాల పరిశోధనలు చాటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో 26.3 కోట్ల మలేరియా కేసులు, 5.97 లక్షల మరణాలు సంభవించాయి. కీటకనాశినులను తట్టుకునే దోమలు పెరుగుతున్న తరుణంలో ఈ బ్యాక్టీరియాపై ఆసక్తి పెరిగింది.

నీటిలో తొలి దశ

ఆడ దోమ నీటిపై గుడ్లు పెడుతుంది. తల్లి శరీరంలోని కొన్ని రకాల బ్యాక్టీరియా గుడ్డు పైపొరకు అంటుకుని నీటిలోకి చేరతాయి. లార్వా నీటి ఉపరితలంపై ఉండే సూక్ష్మజీవులను, నాచును, కుళ్లిన పదార్థాన్ని ఆహారంగా తీసుకుంటుంది. ఎదుగుదలకూ బ్యాక్టీరియా ఆధారమే. సజీవ సూక్ష్మజీవులు లేకుండా ప్రయోగశాలలో పెంచిన లార్వాలు, మామూలు ఆహారం అందించినా, సాధారణంగా తొలి దశను దాటలేదు. లార్వా పేగులోని బ్యాక్టీరియా చాలావరకు అది పెరిగే నీటి నుంచి వచ్చినదే కాబట్టి, నీటిగుంట మారితే ఆ సమూహమూ మారుతుంది.

ప్యూపాలో ప్రక్షాళన

ప్యూపా ఏమీ తినదు. ఈ దశలో లార్వా పేగు కణాలు రాలిపోయి కొత్త పొర ఏర్పడుతుంది. పాత పేగులోని పదార్థం దోమకు రెక్కలొచ్చాక విసర్జితమవుతుంది. అందుకే అప్పుడే వెలువడిన దోమ కడుపులో బ్యాక్టీరియా అతి స్వల్పంగా ఉంటుంది. అనంతరం తాను పుట్టిన నీటి నుంచి, పూల మకరందం నుంచి దానికి కొత్త సమూహం సమకూరుతుంది.

ఈ ప్రక్షాళనను తట్టుకుని తర్వాతి దశకు చేరగల రకాలు కొన్నే. 2007లో ఇటలీ శాస్త్రవేత్తల నేతృత్వంలోని బృందం అనాఫిలిస్ స్టీఫెన్సీ దోమల్లో అసాయియా అనే బ్యాక్టీరియాను గుర్తించింది. అది పేగులోనే కాక లాలాజల గ్రంథుల్లో, పునరుత్పత్తి అవయవాల్లో సైతం ఉంటుంది. తల్లి నుంచి సంతానానికీ చేరుతుంది. భారత నగరాల్లో మలేరియాను ప్రధానంగా వ్యాపింపజేసేది స్టీఫెన్సీ జాతే.

రక్తం తాగాక

దోమ రక్తం తాగిన ఒకటి రెండు రోజుల్లో కడుపులోని బ్యాక్టీరియా వందల రెట్లు పెరుగుతుంది. ప్లాస్మోడియం పేగు గోడను దాటాల్సిందీ అప్పుడే. బ్యాక్టీరియా దోమలోని రోగనిరోధక వ్యవస్థను అప్రమత్తం చేస్తుంది. యాంటీబయాటిక్స్‌తో దాన్ని తొలగించిన దోమల్లో పరాన్నజీవి మరింత సులువుగా పెరిగింది. జాంబియా దోమల నుంచి సేకరించిన ఒక ఎంటరోబ్యాక్టర్ రకం ప్లాస్మోడియం ఎదుగుదలను నేరుగా అడ్డుకుంటుందని 2011లో వెల్లడైంది. డెల్ఫ్టియా సురుహటెన్సిస్ అనే బ్యాక్టీరియా విడుదల చేసే హార్మేన్ రసాయనమూ అలాగే పనిచేస్తుందని 2023లో తేలింది.

అన్నీ మిత్రులు కావు

బ్యాక్టీరియా అంతా పరాన్నజీవికి శత్రువని భావించరాదు. అసాయియాలోని ఒక జాతి అధికంగా పెరిగితే పేగులో క్షారత హెచ్చి ప్లాస్మోడియంకు మేలు కలుగుతుందని 2021లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది.

మరోవైపు, జన్యుమార్పిడి చేసిన సెరాషియా బ్యాక్టీరియా సంపర్కం ద్వారా, గుడ్ల ద్వారా ప్రయోగశాల దోమల్లో తరతరాలకు వ్యాపించి, పరాన్నజీవిని అణచిందని 2017లో అమెరికా పరిశోధకులు చూపారు. అయితే ప్రకృతిలో ఒకసారి వదిలిన సూక్ష్మజీవిని వెనక్కు తీసుకోవడం కష్టం కనుక పర్యావరణ భద్రత పరీక్షలు తప్పనిసరి. నియంత్రణ సాధనంగా ఎంచుకునే బ్యాక్టీరియా పరాన్నజీవిని అణచగలిగితే చాలదు. నీటి నుంచి గాలిలోకి సాగే దోమ ప్రస్థానంలో అది నిలదొక్కుకోవాలి, లేదా రెక్కల దోమకు నేరుగా అందాలి. రక్తం చేరే వేళకు అది కడుపులో సిద్ధంగా ఉన్నప్పుడే ఫలితం ఉంటుంది.