ఢిల్లీ నీటి కొలువులు, వాటి చదువు

ఢిల్లీ నగరానికి నీరు సమకూర్చడం, మురుగు తొలగించడం అనే రెండు పనులూ శతాబ్దాల పాటు వేర్వేరు కులాల చేతుల్లో, బడి అన్నది లేకుండానే సాగాయి. 13వ శతాబ్దంలో ఇల్తుత్మిష్ మెహ్రౌలీలో తవ్వించిన హౌజ్-ఎ-షమ్సీ చెరువునూ, తరువాతి శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ పూడిక తీయించిన హౌజ్ ఖాస్‌నూ, బావలీలు అనే దిగుడుబావులనూ నిలబెట్టిన పనితనం తండ్రి నుంచి కొడుకుకు అందినదే. తోలుసంచి భుజాన మోస్తూ ఇంటింటా నీరు పోసిన భిష్తీకైనా, మలాన్ని ఎత్తి ఊరి బయట పారబోసిన వాల్మీకి కుటుంబానికైనా గురువు ఇంటి పెద్దే. ఈ పనులకు ఆధునిక శిక్షణ వచ్చినప్పుడు అది ముందుగా ఎవరిని చేరింది, చివరకు ఎవరిని చేరింది అన్న వరుసలోనే ఢిల్లీ నీటి చరిత్ర చాలా వరకు ఇమిడి ఉంది.

19వ శతాబ్దం చివరి దశకంలో చంద్రావల్ వద్ద యమున నీటిని తోడి శుద్ధి చేసే కేంద్రం వెలియడంతో నీటి పని కార్ఖానా పనిగా మారింది. 1937లో ఓఖ్లాలో మురుగు శుద్ధి కేంద్రం వచ్చింది. వీటిపై అధికారం చేసిన ఇంజినీర్లకు 1847లో మొదలైన రూర్కీ కళాశాల వంటి చోట్ల చదువు దొరికింది. కవాటాలు తిప్పేవారు, వడపోత తొట్ల ఇసుక కడిగేవారు, కాలువల్లో దిగే బేల్దార్లు మాత్రం పక్కవాడిని చూసే నేర్చుకున్నారు. 1908 మూసీ వరద తరువాత విశ్వేశ్వరయ్య మురుగు పారుదల పథకం రచించిన హైదరాబాదులోనూ పరిస్థితి ఇంతకంటే మెరుగని అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

చూసి నేర్చుకున్న పనితనం ఎంత వరకు కాపాడగలదో, ఎక్కడ చాలదో 1955లో వజీరాబాద్ తేల్చింది. ఆ ఏడాది వర్షాకాలం తరువాత యమున పాయ అక్కడి పంపింగ్ కేంద్రానికి దూరంగా జరిగిపోవడంతో, ఆ కేంద్రానికి దిగువన నదిలో కలవవలసిన నజఫ్‌గఢ్ నాలా మురుగు నవంబరులో కొన్ని రోజుల పాటు ఎగువకు ఎదురెక్కి, నగరానికి నీరు తోడే చోటికే చేరింది. ప్రమాదాన్ని గుర్తించిన సిబ్బంది పటికనూ క్లోరిన్‌నూ పెంచి, తమకు తెలిసిన ఉపాయాన్ని శ్రద్ధగానే అమలు చేశారు. పటిక నీటిలోని సన్నని మట్టిని ముద్దలు కట్టించి అడుక్కి దించుతుంది, క్లోరిన్ బ్యాక్టీరియాను చంపుతుంది. అందువల్లనే టైఫాయిడ్, అతిసారం చెప్పుకోదగినంతగా పెరగలేదు. కానీ డిసెంబరు నుంచి జనవరి వరకు నగరమంతటా పచ్చకామెర్లు వ్యాపించి, ఒక అంచనా ప్రకారం సుమారు 29,300 మందికి కామెర్ల లక్షణాలు బయటపడ్డాయి; గర్భిణులలో వ్యాధి తీవ్రత ఎక్కువగా కనిపించింది. దీనికి కారణం హెపటైటిస్ ఎ వైరస్ అని చాలా కాలం భావించారు. భద్రపరచిన రక్త నమూనాలను 1980లో పరీక్షించినప్పుడు అది మరో వైరస్ అని తేలింది. ఈనాడు దానినే హెపటైటిస్ ఇ అంటున్నారు. అంతటి మురికి కలిసిన నీటిలోని వైరస్‌ను ఆనాటి మోతాదులు అణచలేకపోయాయి. మురుగును నీటి వనరు దగ్గరికే రానీయకూడదన్న సూత్రం పుస్తకాలలో అప్పటికే ఉన్నా, వజీరాబాద్ తరువాతనే దానికి బరువు వచ్చింది. 1959లో అక్కడ కట్టిన ఆనకట్ట ఆ బరువుకు రూపమని చెప్పవచ్చు.

ప్రజారోగ్య ఇంజినీరింగ్, అంటే నీరు, మురుగు, రోగం మూడింటినీ కలిపి చూసే శాస్త్రం, దేశంలో బోధనాంశంగా స్థిరపడినది ఈ కాలంలోనే. కలకత్తాలోని అఖిల భారత ఆరోగ్య, ప్రజారోగ్య సంస్థలో 1948లో స్నాతకోత్తర తరగతులు మొదలయ్యాయి. 1954లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖలో ఏర్పడిన ప్రత్యేక సంస్థ ఇంజినీర్లకు పునశ్చరణ తరగతులు నిర్వహిస్తూ, నీటి సరఫరాకూ మురుగు పారుదలకూ ప్రామాణిక కరదీపికలు వెలువరించింది. ఢిల్లీలో ఈ రెండు పనులనూ 1958లో నగరపాలక సంస్థ కింద ఒకే విభాగానికి అప్పగించారు. 1998లో దాని స్థానంలో ఢిల్లీ జల్ బోర్డు వచ్చింది. శుద్ధి కేంద్రంలో కొత్తగా చేరినవారికి నేర్పే తొలి విద్యలలో ఒకటి గాజు పాత్రల పరీక్ష: ఒకే నీటిని ఐదారు పాత్రలలో పోసి, ఒక్కొక్కదానిలో వేర్వేరు మోతాదుల పటిక కలిపి, ఏది బాగా తేటపడితే ఆ మోతాదునే ఆ రోజుకు ఎంచుకుంటారు. చిన్న పనిగా కనిపించినా, వరదనీటికీ వేసవి నీటికీ ఒకే కొలత పనికిరాదన్న ఇంగితం ఇక్కడే అలవడుతుంది. వజీరాబాద్‌లో ఇప్పుడు అమ్మోనియా కూడా ఇటువంటి పరీక్షే పెడుతోంది: ఎగువ పరిశ్రమల వ్యర్థాలతో అది పెరిగినప్పుడు క్లోరిన్‌ను తనలో కలుపుకొని పనిచేయనీయదు కాబట్టి, కేంద్రాలు ఉత్పత్తి తగ్గించుకోవలసి వస్తుంది.

మ్యాన్‌హోల్‌లోకి దిగేవారి చదువు దీనికి చాలా వెనుకబడింది. కుళ్లిన మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, ఎక్కువైతే వాసన పసిగట్టే శక్తినే చంపుతుంది. ముక్కును నమ్మిన పనివాడికి అందుకే అది మృత్యువు. వాయువును కొలిచే పరికరం, తాడు, గాలి అందించే గొట్టం ఎందుకో చెప్పడానికి ఒక పూట చాలు. అయినా 2018 సెప్టెంబరులో ఢిల్లీ మోతీనగర్‌లో ఒక గృహసముదాయపు మురుగు శుద్ధి తొట్టిలో ఐదుగురు చనిపోయారు. రక్షణ లేకుండా మనుషులను దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. సుప్రీంకోర్టు 2014లో ఇటువంటి మరణాలకు 10 లక్షల పరిహారం నిర్దేశించి, 2023లో దానిని 30 లక్షలకు పెంచింది. పాఠం కంటే ముందు ప్రాణం ధర ఖరారైంది. హైదరాబాద్ జలమండలి 2017లో ఇరుకు సందుల్లోకి వెళ్లగల చిన్న జెట్టింగ్ యంత్రాలను దింపగా, ఢిల్లీ 2019లో అటువంటివి 200 రంగంలోకి దించింది. మురుగు కార్మికులను లెక్కించి, వృత్తి భద్రతలో శిక్షణ, రక్షణ సామగ్రి ఇచ్చే కేంద్ర పథకం ‘నమస్తే’ 2023లో మొదలైంది. కలకత్తాలో ఇంజినీర్ల తరగతులు ఆరంభమై అప్పటికి 75 ఏళ్లు.