తూకం మింగిన పడవ

2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్ బాడ్మింటన్‌లో మన అమలాపురం సాత్విక్, చిరాగ్‌తో కలిసి మలేసియా జంట చేతిలో ఓడిపోయాడు. ఆ సాయంత్రం కోనసీమలో ఎన్ని ఇళ్లలో టీవీలు కట్టేశారో. మర్నాడు పారిస్ పక్కనే, వేర్-సుర్-మార్న్ జలాశయంలో ఇంకొకటి ముగిసిపోయింది. దానికి మనవైపు దుఃఖపడినవాళ్లు లేరు. నేను పడ్డాను.

తక్కువ బరువు వాళ్ల రోయింగ్‌కి ఒలింపిక్స్‌లో అదే ఆఖరి రోజు. మగవాళ్లలో ఐర్లండ్ జంట ఓడొనొవన్, మెకార్తీ వరుసగా రెండోసారి స్వర్ణం గెలిచారు. ఆడవాళ్లలో బ్రిటన్ అమ్మాయిలు గ్రాంట్, క్రెయిగ్ గెలిచారు. పతకాలు మెళ్లో పడ్డాయి, పడవలు ఒడ్డుకెక్కాయి. ఒలింపిక్స్‌లో ఆ పందెం మళ్లీ లేదు.

ఎక్కడో ఫ్రాన్సులో ఆగిన పందేనికి నాకెందుకు గుండె బరువెక్కాలి? నేను రేవుల్లో పెరిగినవాణ్ణి. గౌతమిలో గడ వేసే మనిషిని చూడండి. పీచులాంటి ఒళ్లు, డొక్కలు కనబడుతుంటాయి, కానీ ఏటికి ఎదురు పోతుంటే ఆ గడ వంగిన తీరు చూడాలి. రోయింగ్ అలాంటి ఒంటికి దక్కే ఆట కాదు. ఆరున్నర అడుగుల ఎత్తు, నూరు కిలోల దాకా బరువు ఉన్నవాళ్లదే అక్కడ రాజ్యం. పొడుగు చేతులవాడు ఒక్క తెడ్డుకి లాగినంత నీరు మనవాడు లాగలేడు. అందుకే 1974లో ప్రపంచ పోటీల్లో మగవాళ్లకు, 1985లో ఆడవాళ్లకు సన్నటి మనుషుల కోసం వేరే గుమ్మం పెట్టారు. 1996 అట్లాంటాలో అది ఒలింపిక్స్ దాకా వెళ్లింది. మగవాళ్లకు 72.5 కిలోలు, ఆడవాళ్లకు 59 మించకూడదన్నారు. జంట సగటు 70, 57 దాటకూడదన్నారు. ఒకడు 71.5 తూగితే రెండోవాడు 68.5కి దిగాలి.

మన దేశం ఆ గుమ్మంలోంచి కూడా కాస్త లోపలికి తొంగిచూసింది. టోక్యో ఒలింపిక్స్‌లో అర్జున్ లాల్ జాట్, అర్వింద్ సింగ్ పదకొండో స్థానంలో నిలిచారు. 2023 సెప్టెంబరు 24న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అదే జంట రజతం తెచ్చింది.

సన్నవాళ్ల కోసం కట్టిన ఆ గుమ్మంలోకి పెద్దవాళ్లు ఒళ్లు కుదించుకుని దూరడం మొదలెట్టారు. పతనం అక్కడే. ఎనభై కిలోల ఎత్తరి కడుపు మాడ్చుకుని పందెం పొద్దున డెబ్భైకి దిగితే, సహజంగానే డెబ్భై ఉన్నవాడు ఏం కావాలి? వాడూ నోరు కట్టుకోవాలి. చివరికి పడవలో అందరూ ఆకలితో ఉన్నవాళ్లే. తూకం పందేనికి రెండు గంటల నుంచి ఒక గంట ముందు వేసేవాళ్లు. ఆ గంటా రెండు గంటల్లోనే పోయిన నీళ్లు, ఉప్పు, చక్కెర ఒంట్లోకి తిరిగి రావాలి.

మా అక్క కొడుకుని చూశాక నాకిది పుస్తకంలో సంగతి కాకుండా పోయింది. కొత్తపేట దగ్గరి లంక ఊళ్లో పుట్టి, ఇంజనీరింగుకి హైదరాబాదు వెళ్లి, రోయింగ్ మిషను మీద పడ్డాడు. ఇండోర్ పందెంలో తక్కువ బరువు అంటే మగవాళ్లకు 75 కిలోలు. వాడు 80. "అయిదు కిలోలు ఎంతలే మావయ్యా" అన్నాడు. ముందు అన్నం మానేశాడు, తరవాత ఉప్పు, ఆఖరి రోజు నీళ్లు. రెయిన్‌కోటు తొడుక్కుని మిట్టమధ్యాహ్నం పరిగెత్తాడు. గది మూల కూర్చుని చూయింగ్ గమ్ నములుతూ సీసాలోకి ఉమ్మాడు. మనిషి ఉమ్ము కూడా తూకానికి వస్తుందని నాకు అప్పుడే తెలిసింది. కొబ్బరికాయలు, ధాన్యం కాటా వేయడం చూశాను గానీ, మేనల్లుణ్ణి ఆ లెక్కన చూడాల్సి వస్తుందనుకోలేదు.

కాటా మీద 74.9 చూపించింది. వాడు నవ్వాడు, పెదాలు పగిలి నెత్తురు వచ్చింది.

నీటి మీద అయితే తేలిక మనిషికి కొంచెం దయ దొరుకుతుంది. పడవ తక్కువ మునుగుతుంది, నీరు తక్కువ అడ్డుపడుతుంది. మిషనుకి ఆ దయ లేదు. గొలుసు లాగితే చక్రం తిరుగుతుంది, గాలి అడ్డుకుంటుంది. వేగం రెట్టింపు కావాలంటే క్షణక్షణానికీ పెట్టే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. నీరు పోతే రక్తం తగ్గుతుంది, అదే పనికి గుండె ఇంకా గబగబా కొట్టుకోవాలి, చెమట పట్టక ఒళ్లు కాగిపోతుంది. రెండు వేల మీటర్లు ఏడు నిమిషాల్లో ముగించాలని వాడి లెక్క. మొదటి అయిదొందలు 1:43లో లాగాడు. మూడో అయిదొందల్లో భుజాలు జారిపోయాయి, తెర మీద అంకె 1:56కి పడింది. పూర్తిచేశాడు గానీ పిడి వదల్లేకపోయాడు. వేళ్లు కొంకర్లు పోయాయి. నేనే ఒక్కొక్కటీ విప్పాను.

మావాడు బతికి బట్టకట్టాడు. 1997 చివర్లో అమెరికాలో బరువు దించుకుంటూ ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు నెలన్నర లోపే చనిపోయారు. పారిస్‌లోనే, ఆ ఆఖరి పందెం జరిగిన అయిదు రోజులకు, జుట్టు కత్తిరించుకున్నా మన కుస్తీ అమ్మాయి వినేశ్ ఫోగట్ నూరు గ్రాముల తేడాతో ఫైనల్ నుంచి వెలి అయింది. కుస్తీకి, బాక్సింగ్‌కి బరువు విభాగాలు ఉండక తప్పదు, రోయింగ్‌కి ఎందుకని ఒలింపిక్ పెద్దలు అడిగారు. 2016 తరవాత మగవాళ్ల నలుగురి పడవ పోయింది. 2024 తరవాత మిగిలిన రెండూ పోయాయి. 2028 లాస్ ఏంజెలెస్‌లో వాటి బదులు సముద్రపొడ్డున బీచ్ స్ప్రింట్ పందేలు పెడుతున్నారు. మూసేయడం తప్పని నేననను. మావాడి వేళ్లు విప్పిన చేతులివి. అయినా సన్నటివాడికి ఆ పెద్ద వేదిక మీద ఉన్న ఒక్క చోటూ పోయింది, వాడి తప్పు ఏమీ లేకుండా.

మొన్న సంక్రాంతికి మావాడు వచ్చాడు. ఇప్పుడు 82 కిలోలు, మిషను జోలికి పోవడం లేదు. ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి అక్క వాడి చేతిలో ఒకటి పెట్టింది. వాడు వెంటనే కొరకలేదు. అరచేతిలో పెట్టుకుని, తనకే తెలియకుండా, పైకీ కిందికీ ఊపి చూశాడు. అక్క మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.